గుమ్మానికి ప్లాస్టిక్కు మావిడాకులు

తెలుగువానికి కృతజ్ఞత చెప్పడం రాదనీ, 'థాంక్స్' అనే మాటకు దీటైన పలుకు మన నోట సహజంగా పలకదనీ చదువుకున్నవారు కొందరు తరచుగా సెలవిస్తుంటారు. నవంబరు నాలుగవ గురువారం దగ్గర పడేసరికి ఈ మాట మరీ ఎక్కువగా వినబడుతుంది. అమెరికాలోని మన పిల్లలు ఆ పూట గుమ్మం ముందు గుమ్మడికాయలు పేర్చి, ఎండిన మొక్కజొన్న పొత్తులు తలుపునకు వేలాడగట్టి, ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చున్న ఛాయాచిత్రాలు పంపుతారు. వాటిని చూసి ఇక్కడి పెద్దలు "పంట ఇచ్చినవానికి దణ్ణం పెట్టుకోవడానికి వాళ్ళకు ప్రత్యేకంగా ఒక పండుగే ఉంది, మనకేదీ?" అని నిట్టూరుస్తారు.

ఉంది మహాప్రభో! మన గుమ్మానికే ఉండేది. ఉన్నదానిని మన చేతులతోనే ఊడబెరికి, ఆ స్థానంలో బజారులో కొన్న ప్లాస్టిక్కు తోరణాన్ని మేకు దిగగొట్టి వేలాడదీశాము. ఆపైన మనకు కృతజ్ఞత తెలియదని మనమే చెప్పుకొంటున్నాము. ఈ విడ్డూరం మీదనే ఈ టపా. బ్లాగ్మిత్రులు కొంచెం ఓపిక పట్టి చదవగలరు.

మాటలు నేర్పి బతికినవాణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. కృతజ్ఞుడు అంటే చేసిన మేలును ఎరిగినవాడు. మేలును గురించి నలుగురిలో ప్రసంగించినవాడని ఆ పదానికి అర్థం లేదు. ఎరుక ప్రధానం, పలుకు ఆ తరువాత. ఇక అలంకారం. 'అలం' అంటే చాలు. అలంకరించడమంటే చాలినంతగా చేయడం, తగినట్లుగా సిద్ధపరచడం. పుట్టుకలోనే 'చాలు' అన్న భావాన్ని కడుపులో పెట్టుకొన్న మాటను మనం ఈనాడు 'ఇంకా, మరికాస్త' అనే అర్థంలో వాడుతున్నాము. ఈ రెండు మాటలూ కలిసిన చోటు పంటకాలపు తెలుగు గుమ్మం. చేసిన మేలును ఎరిగి, చాలినంతగా, చేతికందిన వస్తువుతో ఇంటిని సిద్ధం చేయడం మన పండుగ. నోటితో చెప్పవలసిన మాటను మనవాళ్ళు గుమ్మానికి కట్టి ఊరుకున్నారు.

కోనసీమలో సార్వా కోతలు కార్తీక మార్గశిరాలలో సాగుతాయి. అమెరికాలో కృతజ్ఞతా విందుకు బల్ల సర్దే రోజులలోనే అమలాపురం, రాజోలు, కొత్తపేట చేలలో పనలు పడి ఉంటాయి. మన పండుగ మరి కాస్త ఆగి, ధాన్యం ఇల్లు చేరిన తరువాత వస్తుంది. ధనుర్మాసం పట్టిన నాటి నుండి ముక్కనుమ దాకా ఇంటికి జరిగే ముస్తాబు అంతా ఎవరికో ఒకరికి అప్పు తీర్చడమే. చూరుకు వరికంకుల కుచ్చు కడతారు. అది పిచ్చుకలకు. కంకి పాలుపోసుకొన్న దశలో చేను మీద వాలితే అదిలించి తోలినది ఆ పిట్టలనే. కోత అయిన తరువాత ఆ కోపం ఉండరాదు. తన పిల్లలకు చేలోని పురుగులను ఏరి పెట్టి అది మనకు చేసిన ఉపకారమే జ్ఞాపకం ఉండాలి. కనుకనే దాని వాటా దానికి చూరు కింద వేలాడుతుంది.

వాకిట వేసేదంతా వరిపిండి ముగ్గేనని కొందరు రాస్తుంటారు. అది అతిశయోక్తి. ముగ్గురాయి పొడి వాడుక పాతదే. అయితే దేవుని మందిరం ముందు, తులసికోట దగ్గర, గడప ముంగిట వరిపిండి పడేది. అది చీమల పాలు. గొబ్బెమ్మ ఆవుపేడ ముద్ద, నెత్తిన గుమ్మడిపువ్వు. ఆ దేశం వారు గుమ్మడికాయను గుమ్మం ముందు పెడితే మనం గుమ్మడిపువ్వును వాకిట పెట్టాము. పొద్దువాలిన తరువాత ఆ గొబ్బెమ్మలే గోడకెక్కి పిడకలవుతాయి, పిల్లల చేతులలో దండలై భోగిమంటకు చేరుతాయి. కనుమ నాడు పశువుల కొమ్ములకు రంగు, మెడకు పూలదండ. చివరిగా రథం ముగ్గు. ఆ రథానికి గీసిన తాడు మన వాకిటితో ఆగదు. పక్కింటి ముగ్గును అందుకొంటుంది, అక్కడి నుండి ఆ పైయింటిని. వీధి వీధి అంతా ఒకే తాడు పట్టుకొని పండుగను సాగనంపుతుంది.

ఇంటి అలంకారానికే కాదు, ఊరి అలంకారానికీ మనకు ఇదే సూత్రం. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల రుద్రులు ప్రభలపై తరలివస్తారు. వెదురుగడలు కట్టి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, పూలదండలు, వరికంకులు, నెమలిపింఛాలు కూర్చి ఆ ప్రభలను ఊరివారే తయారుచేసుకొంటారు. వాటిని భుజాలకెత్తుకొని కౌశిక నీటిలో దిగి, పచ్చని చేలకు అడ్డంపడి తీసుకుపోతారు. తన చేను తొక్కించుకొన్న రైతు కోపగించడు, అదృష్టమని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. దేశం ముందు ఊరేగించుకోదగిన అందం మన దగ్గర ఉన్నదని ఒప్పుకొంటాము. మన ఇంటికి వచ్చేసరికి దుకాణానికి పరుగెత్తుతాము.

దుకాణం ఏమిచ్చింది? ఎన్నడూ వాడని మావిడాకులు ఇచ్చింది. అంటించుకొనే స్టిక్కరు ముగ్గు ఇచ్చింది. థర్మోకోలు గొబ్బెమ్మను, థర్మోకోలు ఎడ్లబండిని ఇచ్చింది. గడపకు పసుపు రాయడం కష్టమని పసుపుపచ్చ ఎనామిల్ పెయింటు వేయించి, కుంకుమ బొట్లు కూడా పెయింటుతోనే పెట్టించే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇక కొందరి గుమ్మాలకు 'శుభ్ లాభ్' అని నాగరలిపిలో రాసిన తళుకుల తోరణాలు. శుభం సరే, రైతు గుమ్మానికి ఆ లాభం మాట ఎవరిని ఎగతాళి చేయడానికో నాకు అంతుపట్టదు.

ఇందులో తప్పేమిటి, అందంగానే ఉన్నది కదా, అనవచ్చు. దాని అందంతో నాకు పేచీ లేదు. దాని అబద్ధంతో ఉంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. డెల్టా గడ్డ మీద, దవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుండి గోదావరి నీరు పారుతున్న చేలలో, రైతు నాటు వేయనని చేతులు ముడుచుకొని కూర్చున్నాడు. పెట్టుబడి పెరిగింది, ధర గిట్టలేదు, మురుగుకాలువలు పూడి చేలు మునుగుతున్నాయి, కూలీలు దొరకడం లేదు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన సంఘాన్ని వేసింది. తరువాత 2012 జనవరిలో సంక్రాంతి యథావిధిగా వచ్చింది. విరామం పాటించిన చేల నుండి ఆ పండుగకు గాదెలోకి ఒక్క గింజ రాలేదు, చూరుకు కట్టడానికి ఒక్క కంకి రాలేదు. కాని ప్లాస్టిక్కు తోరణం ఉన్న గుమ్మాలు ఏటి మాదిరిగానే పచ్చగా ఉన్నాయి! 2022లో సార్వాకు ముందు కోనసీమలోని కొన్ని మండలాల రైతులు మళ్ళీ విరామం మాట ఎత్తారు. ఆ తరువాతి పండుగకూ ఆ ఆకులు వాడలేదు.

నా ఆక్షేపణ ఇక్కడ ఉన్నది. కంకుల కుచ్చు అబద్ధమాడలేదు. పంట లేకపోతే అది లేదు. ఆ ఏడు చూరు బోసిగా ఉంటుంది, ఇంటిలోని పసివాడు "తాతా, కుచ్చు ఏదీ?" అని అడుగుతాడు, తాత చెప్పవలసివస్తుంది. ఆ సంభాషణ జరిగిన ఇంటిలో పిల్లవానికి అన్నం ఎక్కడి నుండి వస్తున్నదో తెలుస్తుంది. పంట పండినా ఎండినా ఒకే పచ్చదనంతో వేలాడే తోరణం ఆ ప్రశ్నను పుట్టనీయదు. మేలును ఎరగడం కృతజ్ఞత అని ముందే అనుకొన్నాము కదా! ఎరుకకు తావులేకుండా చేసే వస్తువును అలంకారం అనడానికి నాకు నోరు రాదు.

చట్టం మాట కూడా ఒకటి చెబుతాను. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని కేంద్రప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. ఆ పట్టికలో గ్లాసులు, పళ్ళాలు మాత్రమే ఉన్నాయని చాలామంది తలంపు. అలంకరణకు వాడే థర్మోకోలు కూడా అందులో ఉన్నది. నూరు మైక్రానులలోపు పి.వి.సి. బ్యానర్లు కూడా ఉన్నాయి. పండుగ ముగిసిన వారానికి మన పంటకాలువల ఒడ్డున నడచి చూడండి. తూముల దగ్గర చిక్కుకొన్నది ఏమిటో, కిందిచేనుకు నీరు అందకుండా అడ్డుపడుతున్నది ఎవరి గుమ్మం అలంకారమో కనబడుతుంది. రైతుకు కృతజ్ఞతగా కట్టినది రైతు కాలువకే అడ్డుపడడం కన్నా వింత మరొకటి ఉండదు.

ఇక అభ్యంతరాలు. "ఈ ప్లాస్టిక్కు తోరణం పదేళ్ళు వస్తుంది, ఏటేటా ఆకులు కోయనక్కరలేదు, ఇది పొదుపు కాదా?" అంటారు. మావిడాకులు ఏ ఏటికా ఏడు కోయడంలోనే పండుగ ఉన్నది. పదేళ్ళు దించని తోరణం గోడలో భాగమైపోతుంది, దానిని కన్ను చూడదు. దుమ్ము మాత్రం చూస్తుంది. "తీరిక ఏదీ?" అంటారు. అరవై ఆకులు ఒక దారానికి గుచ్చడానికి ఇద్దరు పిల్లలకు అరగంట పడుతుంది. అంతకన్న ఎక్కువ సేపు మనం ఏ తోరణం కొనాలా అని సెల్‌ఫోనులో వెతుకుతున్నాము.

మూడవ అభ్యంతరం గట్టిది, దానిని తేలికగా తీసివేయను. "మీరు పొగిడే ఆ ముగ్గులు, గొబ్బెమ్మలు, పసుపు గడపలు ఎవరి నడుము విరిచి తయారయ్యాయి? ప్లాస్టిక్కు వచ్చి ఆడవాళ్ళకు కాస్త ఊపిరి ఆడనిచ్చింది. అదీ మీకు కంటగింపేనా?" ఈ మాట అడిగే ఇల్లాళ్ళకు నేను తల వంచుతాను. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇంటిని చూసి యజమానిని చూడమని ఒక్కరూ అనలేదు! ధనుర్మాసపు చలిలో నాలుగు గంటలకు లేచి కళ్ళాపి చల్లినది ఆమె, పేడ కలిపినది ఆమె, అరిసెల పాకం పట్టినది ఆమె. మగవారు ఆ మూడు రోజులూ కోళ్ళ బరుల దగ్గర ఉన్నారు. జంతుహింస నివారణ చట్టం 1960 నుండి ఉన్నది, మన రాష్ట్రపు జూద చట్టం 1974 నుండి ఉన్నది, బరులూ ఉన్నాయి. భోగినాటి ఉదయం ఇంటి నుండి వెళ్ళి కనుమ రాత్రికి జేబు ఖాళీ చేసుకొని వచ్చే గృహస్థుడు సంప్రదాయాన్ని గురించి ఉపన్యసించడం నేను విన్నాను. ఆ సంప్రదాయం నాకు అక్కరలేదు.

అయితే ఆమె బరువు దించడానికి మార్గం ప్లాస్టిక్కు కాదు. మరి నాలుగు చేతులు. మావిడాకులు గుచ్చడానికి మగవానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. కొబ్బరాకు చీల్చి ఈనె తీయడం, కుచ్చు అల్లడం, చూరుకు నిచ్చెన వేయడం, వాకిలి ఊడ్వడం, ఇవన్నీ మగపిల్లలు చేయదగిన పనులే. ముగ్గు మగపిల్లవానికి నేర్పితే ఆకాశం ఊడి పడదు. చుక్కలు లెక్కపెట్టి గీత కలపడం రేఖాగణితమే. ఇంటిల్లిపాదీ కూర్చుని చేయలేనిది మానివేయండి. ఒక్కతే చేసే ఇరవై ఒక్క చుక్కల ముగ్గు కన్న నలుగురు కలిసి వేసిన అయిదు చుక్కల ముగ్గు నా లెక్కలో పెద్దది. 'అలం' అంటే చాలు అని చెప్పానుగదా.

పాత రోజులు బంగారమని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. ఆ పాత మండువా లోగిళ్ళలో చూరుకు కట్టిన కుచ్చు ఎవరు కోసి తెచ్చారు? పాలేరు. చాలా ఇళ్ళలో అతడు ఆ గడప దాటి లోపలికి రాకూడదు. పిచ్చుక చూరు దాకా రావచ్చును, ఆ కంకి పండించినవాడు అరుగు దిగువనే నిలబడాలి. పిట్టకు వాటా పెట్టి మనిషికి చోటు పెట్టని కృతజ్ఞత సగం కృతజ్ఞత.

ఈ లోపం మన ఒక్కరిదే అనుకోనక్కరలేదు. అమెరికావారు తమ పండుగకు మూలంగా చెప్పుకొనేది 1621లో ప్లిమత్‌లో జరిగిన విందు. 1863లో లింకన్ దానికి దేశమంతటికీ ఒక రోజు నిర్ణయించాడు, 1941లో నాలుగవ గురువారమని శాసనం చేశారు. ఆ గట్టుకు చేరిన వలసవారికి మొక్కజొన్న వేసే విధానం నేర్పినది ఆ నేల మీది ఆదివాసులు. నేల పోగొట్టుకొన్నదీ వారే. అందుకే 1970 నుండి అదే రోజున, అదే ప్లిమత్‌లో, ఆ ప్రజలు సంతాపదినం పాటిస్తున్నారు. తలుపుకు మొక్కజొన్న పొత్తు కట్టి, దానిని నాటడం నేర్పినవానిని మరచిపోవచ్చునని ఆ చరిత్ర చెబుతున్నది. వారిని వేలెత్తి చూపడానికి ఇది చెప్పడం లేదు. మన చేలలోకి చూసుకోవడానికి చెబుతున్నాను.

నేడు కోనసీమలో చేను దున్నేవాడు చాలాచోట్ల కౌలురైతు. భూమి గల ఆసామి హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. సంక్రాంతికి మూడు రోజులు వస్తాడు, అరుగు మీద కూర్చుని గోదావరి జిల్లాల మర్యాదలను, పల్లె అందాలను తనివితీరా మెచ్చుకొంటాడు. కౌలు బస్తాలు మాత్రం వానొచ్చినా వరదొచ్చినా లెక్క తప్పకూడదు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇస్తామన్నారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలు చెల్లే పత్రం, యజమాని హక్కుకు ఏ భంగమూ ఉండదని అందులో స్పష్టంగా రాశారు. కాని ఆ పత్రానికి యజమాని అంగీకారపు సంతకం కావలసివచ్చింది. ఆ సంతకం చాలామంది పెట్టలేదు. 'రేపు భూమి నాది అంటాడేమో' అని భయం. సంతకం లేక పత్రం లేదు, పత్రం లేక బ్యాంకు అప్పు లేదు, పంట మునిగితే పరిహారం ఆసామి ఖాతాకు. మునిగినది ఎవరి చెమట?

ఇటువంటి ఆసామి గుమ్మానికి కట్టిన తోరణం మావిడాకులదైనా ప్లాస్టిక్కుదే అంటాను నేను.

కనుక విమర్శతో ఆగక చేయవలసినదేమిటో చెప్పి ముగిస్తాను. ఖర్చు లేని పనులే. సార్వా కోతకు యంత్రం దిగే ముందు, అది తిరగడానికి చేను మూలలను చేతితో కోయిస్తారు. ఆ మూలల నుండి నాలుగు పిడికిళ్ళ కంకులు కాడతో సహా తీసి ఉంచమనండి. గింజ మరీ ముదిరి రాలకముందే కోసి, నీడలో ఆరబెట్టి, ఆకు ఒలిచి కట్టితే కుచ్చు నిలుస్తుంది. యంత్రంలో పడిన తరువాత కంకి ఉండదు. మావిడాకులు ఇంటి పిల్లలు గుచ్చాలి. గడపకు ఆ నాలుగు రోజులైనా నిజమైన పసుపు రాయండి. ముంగిట చారెడు వరిపిండి వేయండి. పట్నంలో అపార్టుమెంటు వారు వాకిలి లేదని చింతించనక్కరలేదు. గుమ్మం ముందు జానెడు చోటు చాలును, రథం తాడు ఎదురింటి గుమ్మం దాకా గీయండి, ఆ ఇంటివారి పేరైనా తెలుస్తుంది. దూరదేశంలోని పిల్లలు నవంబరులో గుమ్మడికాయ పెట్టుకోవడం మానవద్దు. దాని పక్కన మన ఊరి కంకి ఎందుకు ఉండేదో తమ పిల్లలకు తెలుగులో ఒక్కసారి చెప్పండి, అంతే.

చివరి పని భూమి గలవారికి. పండుగకు ఊరు వచ్చినప్పుడు మీ చేను దున్నుతున్న మనిషిని, అతని ఇల్లాలిని పిలిచి, మీ చావడిలో మీ పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టండి. కౌలు కాగితాన్ని ఆ పూటే తెప్పించుకొని, మీ సంతకం అవసరమైన చోట పెట్టండి. ఆ తరువాత చూరుకు కుచ్చు కట్టండి. సంతకానికి ముందు కట్టిన కుచ్చు మీద పిచ్చుకలు వాలవచ్చు, వాటికి భూమి తగాదాలు తెలియవు. మీకు తెలుసు.

స్వస్తి.